కొలువే మనిషికి చిరునామానా?

వరంగల్ కాశిబుగ్గలో అద్దె ఇల్లు వెతికినా, పెళ్లిపందిట్లో కొత్తవాళ్ల పక్కన కూర్చున్నా, పేరు చెప్పాక ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఏం చేస్తరు?" పక్కనే ఎనుమాముల మార్కెట్ ఉంది కాబట్టి జవాబుల్లో హమాలీ, తూకం వేసే దడువాయి, అడ్తి గుమాస్తా తరచుగా వినిపిస్తాయి. కొత్తవాడ వాళ్లయితే మగ్గం అంటారు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ అయితే తండ్రి గొంతు కాస్త పెరుగుతుంది. డిగ్రీ పూర్తయి నాలుగేళ్లయిన కుర్రాడు "ప్రిపేర్ అవుతున్న" అని తల దించుకుంటాడు. ఇంటెడు చాకిరీ చేసే ఇల్లాలు "ఏం లేదు, ఇంట్లనే ఉంటా" అంటుంది. ఎవరికి ఇల్లు ఇవ్వాలో, ఎవరికి పిల్లనివ్వాలో, ఎవరిని "మీరు" అనాలో ఆ ఒక్క జవాబుతో తేలిపోతుంది. మనిషిని కొలవడానికి ఆ జవాబు చాలదన్నది నా వాదన. ఉద్యోగం అన్నం పెడుతుంది, అంతవరకు దానికి దండం పెట్టాల్సిందే. మనమెవరమో చెప్పాల్సింది మాత్రం మనం ఇష్టపడి చేసే పని, పైసా రాకపోయినా మానని పని. అయితే ఎవరికి వాళ్లు మనసు మార్చుకుంటే తీరే సంగతి కాదిది. ఇష్టానికి తీరిక కావాలి, చోటు కావాలి. ఆ రెండూ సమాజం కల్పించాల్సినవి.

పని పేరుతో మనిషిని పిలవడం మనకు కొత్తేమీ కాదు. శతాబ్దాలుగా చేసింది అదే. కుండ చేసేవాడిని కుమ్మరి అన్నాం, బట్టలుతికేవాడిని చాకలి అన్నాం, ఆ పేరు వాళ్ల బిడ్డలకూ మనవలకూ అంటగట్టాం. పుట్టుకతో వచ్చిన పనిని బట్టి ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ బావి నీళ్లు తాగాలో రాసిపెట్టాం. ఇప్పుడు కులం పేరు నేరుగా అడగడానికి కాస్త మొహమాటపడి ఉద్యోగం అడుగుతున్నాం. ప్రశ్న మారింది గానీ అడిగే ఉద్దేశం పెద్దగా మారలేదు: ఎదుటి మనిషి మనకంటే ఎన్ని మెట్లు పైన, ఎన్ని మెట్లు కింద అని తెలుసుకోవడమే. తాత కులంతో మనిషిని కొలవడం అన్యాయమని ఒప్పుకున్నవాళ్లు, మనవడి జీతంతో కొలవడం న్యాయమని ఎలా అనుకుంటారు? పుట్టుక మన చేతిలో లేనట్టే, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో, కంపెనీ ఎప్పుడు తీసేస్తుందో కూడా మన చేతిలో లేదు.

విచిత్రమేమిటంటే, ఇదే ఓరుగల్లు తన పెద్దమనుషులను తలచుకునేటప్పుడు వాళ్ల ఉద్యోగం గుర్తుపెట్టుకోదు. పాలకుర్తి ప్రాంతంలోని వావిలాలలో పుట్టిన దొంగరి మల్లయ్య అర్థశాస్త్రం చెప్పిన లెక్చరర్. ఆ పేరు చెబితే ఈరోజు ఎంతమంది గుర్తుపడతారు? ఉస్మానియా క్యాంపస్‌లో ఒక విద్యార్థి గడిపిన ఒక్క రోజును నవలగా రాసి 1969లో అచ్చువేశాక ఆయన అంపశయ్య నవీన్ అయ్యారు. ఇంటిపేరు ఉండాల్సిన చోట పుస్తకం పేరు వచ్చి కూర్చుంది. 2004లో 'కాలరేఖలు' నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆ నవీన్‌కే. మట్టెవాడలో పుట్టిన నేరెళ్ల వేణుమాధవ్ మొదట్లో బడిపంతులు. ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చినా, 2001లో పద్మశ్రీ అందుకున్నా, ఆయన జనానికి మిమిక్రీ వేణుమాధవే. కాళోజీ నారాయణరావు చదివింది న్యాయశాస్త్రం, కొన్నాళ్లు శాసనమండలి సభ్యుడు కూడా. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కారణం ఆయన పట్టా కాదు, పదవి కాదు. జనం మాట మీద ఆయన పెంచుకున్న ప్రేమ. అంటే ఇష్టంతో మనిషిని గుర్తించడం మనకు చేతకానిదేం కాదు. చనిపోయినవాళ్లకూ పేరొచ్చినవాళ్లకూ ఇచ్చే ఆ మర్యాద పక్కింటి మనిషికి ఇవ్వడం లేదు, అంతే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. వాళ్లంతా చదువుకున్నవాళ్లు, కడుపు నిండినవాళ్లు. మిర్చి బస్తాలు మోసి మోసి సాయంత్రానికి నడుం పట్టేసిన హమాలీకి ఇష్టాల గురించి చెబుతారా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ చరిత్ర చెప్పే జవాబు వేరుగా ఉంది. ఉమ్మడి వరంగల్ జిల్లా రేబర్తిలో పుట్టిన అందెశ్రీ బడి మొహం చూడలేదు. పశువులు కాశారు, తాపీ పనికి పోయారు. ఆ మనిషి కట్టిన పాట 2024లో తెలంగాణ రాష్ట్ర గీతమైంది. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. వట్టికోట ఆళ్వారుస్వామి హోటల్లో సర్వర్‌గా చేశారు, పత్రికలో ప్రూఫులు దిద్దారు. ఆ సంపాదనతో బతుకుతూనే దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. వీళ్లను కూడా అసాధారణులని పక్కన పెడదాం. ఊళ్లలో చిరుతల రామాయణం ఆడినవాళ్లెవరు? పగలు అరక దున్ని, మేకలు కాసి, రాత్రి దీపం వెలుగులో పద్యాలు కంఠస్థం చేసినవాళ్లు. వాళ్లలో రాముడి వేషం కట్టినవాడిని ఊరు జీవితాంతం ఆ వేషంతోనే గుర్తుపెట్టుకునేది. కళ కడుపు నిండాకే పుడుతుందనేది కడుపు నిండినవాళ్లు చెప్పుకునే మాట. పేదవాడికి లేనిది ఇష్టం కాదు, దాన్ని పెంచుకునే తీరిక.

ఉద్యోగం మీదే మనిషిని నిలబెడితే ఏమవుతుందో వరంగల్‌కు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహి మిల్లు ఈ నగరానికి గడియారంలా ఉండేది. వేలమంది మిల్లు కార్మికులమని గర్వంగా చెప్పుకున్నారు. ఆ మిల్లు 1970ల్లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతిలోకి వెళ్లి, నష్టాల పేరుతో నీరసించి, చివరికి మూతబడింది. యంత్రాలు పోయాయి, భూములు చేతులు మారాయి. జీతంతో పాటు ఆ గర్వం కూడా ఒక్క సంతకంతో రద్దయింది. ఇలాంటి చోట మనుషులకు ఏమవుతుందో శాస్త్రీయంగా చూసిన పరిశోధన ఒకటి ఆస్ట్రియాలో జరిగింది. వియన్నా దగ్గరి మరియెంతాల్ అనే చిన్న ఊరు మొత్తం ఒకే బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో ఆ మిల్లు మూతబడ్డాక మరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైజెల్ అక్కడి జీవితాన్ని గమనించి 1933లో పుస్తకం వేశారు. పని పోయింది కాబట్టి చేతినిండా తీరిక దొరికింది, జనం ఎక్కువ చదువుతారు, ఎక్కువ కలుస్తారు అని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. గ్రంథాలయంలో రుసుము ఎత్తేసినా పుస్తకాలు తీసుకెళ్లడం దాదాపు సగానికి పడిపోయింది. మగవాళ్ల నడక నెమ్మదించింది, వీధిలో మాటిమాటికీ ఆగిపోయేవారు. పొద్దుటి నుంచి ఏం చేశావంటే చెప్పలేకపోయేవారు.

ఈ పరిశోధన నా వాదనకు ఎదురు నిలిచే సాక్ష్యం అని ఒప్పుకోవాలి. ఉద్యోగం పోతే ఇష్టాలు మనిషిని కాపాడతాయని కాదు, ఉద్యోగంతో పాటు ఇష్టాలూ రాలిపోతాయని అది చెబుతోంది. కానీ దాన్ని ఇంకోవైపు నుంచి చదవాలి. మిల్లే రోజును కట్టింది, మిల్లే స్నేహాలను ఇచ్చింది, మిల్లే పేరు పెట్టింది. అన్నీ ఒకే మొల మీద వేలాడదీశారు కాబట్టి అది ఊడగానే అన్నీ కింద పడ్డాయి. వేరే మొలలు ముందే కొట్టుకున్నచోట ఏమవుతుందో చూడడానికి మనవాళ్ల వలస చరిత్ర ఉంది. మగ్గాలు నడవక వరంగల్ నేతకారులు సూరత్‌కు, భివండికి, షోలాపూర్‌కు తరలిపోయారు. అక్కడ పవర్‌లూమ్ షెడ్డులో వాళ్లు ఒట్టి కూలీలు, యజమానికి లెక్కలో ఒక అంకె. కానీ భివండిలో తెలుగువాళ్లు ఉండే పేట పద్మనగర్ అయింది. సూరత్‌లో ఏటా బతుకమ్మ పేరుస్తున్నారు. పని చోటు మారింది, యజమాని మారాడు, జీతం మారింది. తోటివాళ్లతో కలిసి ఇష్టంగా చేసుకునేది మారలేదు. మరియెంతాల్‌కూ పద్మనగర్‌కూ ఉన్న తేడా అదే. ఒంటరిగా మనసులో దాచుకున్న ఇష్టం కష్టకాలంలో చప్పున ఆరిపోతుంది. నలుగురితో పంచుకుని, వేళకు చేసే అలవాటైన ఇష్టం నిలబడుతుంది. 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, వలస వెళ్లినవాళ్లను తిరిగి తీసుకురావడం కూడా ఒక లక్ష్యమని చెప్పారు. ఫ్యాక్టరీలు రావాలి, రానివ్వండి. కానీ మళ్లీ అన్నీ ఒకే మొలకు తగిలిస్తే ఆజంజాహి నుంచి మనం నేర్చుకున్నది ఏమీ లేనట్టే.

ఉద్యోగమే మనిషి అన్న లెక్క ఎక్కువగా నలిపేస్తున్నది ఉద్యోగం ఇంకా రానివాళ్లను. తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వస్తే సుమారు 3.8 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఆ అక్టోబరులో రాసిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాస్తే హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. తప్పెవరిదైనా, ఇన్నేళ్లూ హన్మకొండ హాస్టళ్లలో, అద్దె గదుల్లో కూర్చున్న పిల్లలకు "ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అంటే చెప్పుకోవడానికి ఒక్క మాటే ఉంది. పోస్టులు 563, అడిగినవాళ్లు లక్షల్లో ఉన్నప్పుడు, నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఆ కొలువు రాదు. ఇది వాళ్ల తెలివికి సంబంధించింది కాదు, ఒట్టి కూడికలు తీసివేతలు. ఆ తొంభై తొమ్మిది మందినీ ఇరవై ఏడేళ్ల వయసులో "ఏమీ కాలేనివాళ్లు" అని తేల్చేసే సమాజం తన చేతులతో తనే నష్టం చేసుకుంటోంది. వాళ్లలో చెరువుల చరిత్ర చెప్పగలవాడున్నాడు, కబడ్డీ నేర్పగల అమ్మాయి ఉంది, డప్పు మీద చెయ్యి వేస్తే వీధి కదిలించేవాడున్నాడు. పండగకు పుట్టిన ఊరికి పోవడాన్ని కూడా ఉద్యోగం వచ్చాకే అని వాయిదా వేసుకుంటున్నారంటే, ఆ ప్రశ్న ఎంత బరువుగా మారిందో అర్థమవుతుంది.

ఇక "ఏం లేదు, ఇంట్లనే ఉంటా" అనే ఇల్లాలి సంగతి. 2024లో కేంద్రం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు ఆ పనికే పెడుతున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. దాదాపు ఐదు గంటల చాకిరీ చేసే మనిషి "ఏం లేదు" అంటోందంటే ఆమె వినయం కాదది. ఉద్యోగం అడిగే ప్రశ్నలో ఆమెకు గడి లేదు. ఆ చాకిరీని పనిగా గుర్తించాలి, మగవాళ్లు పంచుకోవాలి. అది ఒక వాదన, దాన్ని నేను సమర్థిస్తాను. కానీ గృహిణి అన్న పేరును గౌరవించి ఊరుకున్నా ఆమెను మళ్లీ వంటింటికే కట్టేసినట్టు. బతుకమ్మ పాట ఎత్తుకుంటే వాడ మొత్తం వంత పాడేలా పాడగల ఆమె పాటగత్తె కూడా. ఆ మాట పరిచయంలో వినిపించే రోజున, ఇంట్లో ఆమె పాటకు అరగంట తీరిక ఇవ్వాలన్న ఆలోచన కూడా మొదలవుతుంది.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. తరతరాలుగా పుట్టుక పేరుతో అవమానపడ్డ కుటుంబంలో మొదటిసారి ఒక అమ్మాయి టీచరైతే, ఊరంతా "మేడం" అంటుంది. ఆ పిలుపు ఆమె ఒక్కతే గెలుచుకున్నది కాదు, ఆమె వెనక ఎన్నో తరాల పోరాటం ఉంది. అలాంటప్పుడు ఉద్యోగం ముఖ్యం కాదని చెప్పడం, పైన కూర్చున్నవాళ్లు చెప్పే తీరికైన నీతి కాదా? అలాగే మిల్లు కార్మికుడన్న గుర్తింపుతోనే సంఘాలు కట్టారు, హక్కులు సాధించారు. శ్రమకు గౌరవం ఇవ్వమని అడిగే దేశంలో శ్రమను గుర్తింపు నుంచి తీసేయమంటారా? తీసేయమని ఎవరూ అనడం లేదు. ఆ అమ్మాయికి ఉద్యోగం ఇచ్చిన గొప్ప వరం, పుట్టుక గీసిన గీత దాటడం. గీత దాటిన మనిషిని ఇంకో గీతలో నిలబెట్టకూడదన్నదే నా మాట. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఉద్యోగమే గౌరవానికి కొలత అయినన్నాళ్లు, చీపురు పట్టిన పారిశుధ్య కార్మికుడికి కలెక్టర్‌తో సమానమైన గౌరవం ఎప్పటికీ దక్కదు. శ్రమగౌరవం గురించి ఎన్ని సభలు పెట్టినా కొలత అదే ఉంటుంది కాబట్టి ఫలితమూ అదే. ఇద్దరూ ఒకే భజన మండలిలో తాళం వేసినప్పుడు, ఒకే చదరంగం బల్ల ముందు కూర్చున్నప్పుడు మాత్రమే ఆ మెట్లు కాసేపైనా మాయమవుతాయి.

మూడోది ఈ కాలం ఇచ్చే సలహా: ఇష్టమైనదాన్నే ఉద్యోగం చేసుకో, గొడవే లేదు కదా అని. చేసుకోగలిగినవాళ్లు అదృష్టవంతులు. అందరికీ అదే మందు అంటే, ఇష్టాన్ని కూడా మార్కెట్ చేతిలో పెట్టడమే. పాట పాడే పిల్ల రీల్స్‌లో వ్యూస్ లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాక, వ్యూస్ రాని రోజు తన గొంతు మీదే అనుమానం పెంచుకుంటుంది. పైసలు రాని ఇష్టాన్ని వ్యర్థమనే చూపు ఉద్యోగం మీద ఉన్న భ్రమకే ఇంకో రూపం. అలాగే ఇష్టం అనే మాట కింద ఏదైనా చెల్లుబాటు కాదు. ఫలానా హీరో అభిమానినని చెప్పుకుని కటౌట్‌కు పాలు పోయడం, ఫలానా బండి కొనడం ఎవరో అమ్మినదాన్ని కొనుక్కోవడమే. మనిషి ఎవరో చెప్పగల ఇష్టానికి కొన్ని లక్షణాలుంటాయి. అది మన చేతులతో చేసేది. సంవత్సరాలు గడిచేకొద్దీ మెరుగుపడేది. మనతో పాటు ఇంకొకరికి పనికొచ్చేది. మొక్కలు పెంచడం, పద్యం చదవడం, వాలీబాల్ ఆడించడం, పక్షులను చూడడం, పాత నాణేల లెక్క చెప్పడం, వీధి పిల్లలకు లెక్కలు నేర్పడం, ఏదైనా ఈ పరీక్షకు నిలబడితే చాలు.

అన్నిటికంటే ముందు కావలసింది తీరిక. పంతొమ్మిదో శతాబ్దపు కార్మికులు రోజును మూడు ముక్కలు చేసి, ఒక ముక్క పనికి, ఒకటి నిద్రకు, మూడోది తమ సొంతానికి అడిగారు. 1886లో షికాగో వీధుల్లో నెత్తురు చిందింది ఎనిమిది గంటల పనిదినం కోసమే. మనం ఏటా మే ఒకటిన ఎర్రజెండా ఎగరేస్తున్నాం గానీ ఆ మూడో ముక్క సంగతి మరిచిపోయాం. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఆ అంకెను 90కి తీసుకెళ్లారు. అదే ఏడాది జులైలో తెలంగాణ ప్రభుత్వం వారానికి 48 గంటల పరిమితిని ఉంచుతూనే, దుకాణాలు మినహా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పనికి అనుమతించింది. పది గంటల పనికి రానూపోనూ ప్రయాణం కలిపితే, మనిషి దగ్గర మిగిలేది తిని పడుకునే వేళ మాత్రమే. అలాంటి మనిషిని నీ ఇష్టమేమిటని అడిగితే, నిద్ర అంటాడు.

తర్వాతది చోటు. 1904లో హన్మకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టినప్పుడు తెలుగు చదువుకు సర్కారు అండ లేదు. తెలుగు మీద ఇష్టం ఉన్నవాళ్లు తమ తీరిక వేళల్లో దాన్ని నిలబెట్టారు. అక్కడికి వచ్చిన పాఠకుడిని ఏ కొలువు అని కాదు, ఏ పుస్తకం కావాలని అడిగేవారు. నూటఇరవై ఏళ్ల తర్వాత మన వేగం ఎలా ఉందో చెప్పడానికి కాళోజీ కళాక్షేత్రమే సాక్ష్యం. ఆయన శతజయంతి నాడు, 2014లో శంకుస్థాపన జరిగితే, తలుపులు తెరుచుకున్నది 2024లో. పెద్ద కళాక్షేత్రం కట్టుకోవడం మంచిదే. కానీ కాశిబుగ్గ హమాలీ రాత్రి ఏడుకు బస్తా దించాక నడిచి వెళ్లగలిగేది తన వాడలోని చోటుకే. రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉండే చిన్న గ్రంథాలయం, సాయంత్రాలు తాళం తీసే బడి మైదానం, వాద్యాలు అద్దెకిచ్చే ఒక గది చాలు. గ్రంథాలయాలకని ఆస్తిపన్నుతో పాటు సెస్సు ఎటూ కడుతున్నాం. ఆ డబ్బు తమ వాడకు ఏం తెచ్చిందని కార్పొరేటర్‌ను అడగడం వీధి దీపం గురించి అడిగినంత మామూలు విషయం కావాలి.

ఇవన్నీ వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు. రేపు ఎవరైనా పరిచయమైతే ఏ ఉద్యోగం అని అడిగే ముందు, దేనిమీద ఇష్టం, ఖాళీ దొరికితే ఏం చేస్తారని అడగండి. మిమ్మల్ని అడిగితే ఆ జవాబే ముందు చెప్పండి. పెళ్లిచూపుల్లో, అద్దె ఇంటి బేరంలో, బడిలో తల్లిదండ్రుల సమావేశంలో ఇది మొదలుకావాలి. ఇంట్లో ప్రిపేర్ అవుతున్న పిల్లలుంటే వాళ్ల పుస్తకాల పక్కన వాళ్ల డప్పునో, బ్యాటునో, బొమ్మల నోటుబుక్కునో ఉండనివ్వండి. ఫలితాలు వచ్చినా రాకపోయినా వాళ్లను నిలబెట్టేది అదే.